కింద పేరుండాలి

రామమూర్తికి ఒక అనుమానం పట్టుకుందంటే అది తీరేదాకా అన్నం సయించదు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఆ అనుమానాలన్నీ ఫైళ్ళ మీదికి పోయేవి కాబట్టి ఇంట్లోవాళ్ళు బతికిపోయారు. రిటైరై మూడేళ్ళయింది. ఇప్పుడా భారమంతా భార్య హైమవతి మీదా, పైవాటాలో అద్దెకుంటున్న తన్మయి మీదా పడుతోంది.

ఈసారి అనుమానం ఒక పిల్లి గురించి. ఒకరోజు పొద్దున్నే ఆయన ఫోనుకి నాలుగు వాట్సాప్ గ్రూపుల్లోంచి ఒకటే బొమ్మ వచ్చింది. బల్ల మీద గడ్డం ఆనించి నీరసంగా చూస్తున్న పిల్లి, కింద "సోమవారం నన్నెవరూ పలకరించకండి" అని రాత. పెన్షనర్ల గ్రూపులో ఒకాయన పెట్టాడు. బంధువుల గ్రూపులో గుడివాడ నుంచి బావమరిది మహేష్ పెట్టాడు. కాలనీ గ్రూపులో పాలతను పెట్టాడు. నడక మిత్రుల గ్రూపులో ఇంకెవరో పెట్టారు. ఈ నలుగురికీ ఒకరితో ఒకరికి ముఖపరిచయం కూడా లేదు. మరి ఆ పిల్లి అందరి దగ్గరికీ ఒకే పొద్దుట ఎలా చేరింది? అసలు ఆ మాట మొదట రాసిందెవరు?

నలుగురికీ ఫోన్ చేసి అడిగాడు. "ఎవరో పంపారండీ" అన్నారు నలుగురూ. "ఆ ఎవరో ఎవరు?" అని నిలదీశాడు. పాలతను మర్నాటి నుంచి ప్యాకెట్ గేటుకి తగిలించి, గంట కొట్టకుండా జారుకోవడం మొదలుపెట్టాడు.

"దాన్ని మీమ్ అంటారు బాబాయ్ గారూ," అంది తన్మయి. ఆ పిల్ల కోనేరు సెంటర్ దగ్గర ఫ్లెక్సీలు వేసే షాపులో డిజైనరు. పెళ్ళిళ్ళకీ పుట్టినరోజులకీ సంతాపాలకీ బందరు గోడల మీద కనిపించే మొహాల్లో సగం ఆమె చేతుల మీదుగా వెళ్ళినవే. తీరిక దొరికితే ఇన్‌స్టాలో బందరు మీద జోకులు పెడుతుంటుంది. "ఎవరు చేశారో ఎవరికీ తెలీదు. నచ్చితే పక్కవాళ్ళకి పంపుతారు. అంతే."

"ఎందుకు నచ్చుతుంది?"

"అది తెలిస్తే నేను ఫ్లెక్సీ షాపులో ఎందుకుంటానండీ?"

ఈ జవాబుతో ఆయన ఆకలి ఇంకా చచ్చిపోయింది.

ఇక్కడ ఆయన గురించి ఒక సంగతి చెప్పాలి. బందరులో ఒక పెద్ద ఆఫీసులో ముప్ఫై అయిదేళ్ళు పనిచేశాడు. గుమాస్తాగా చేరి సూపరింటెండెంటుగా దిగాడు. ఉత్తరం రాయాలంటే రామమూర్తే రాయాలని పైవాళ్ళందరూ ఒప్పుకునేవారు. గట్టిగా చెప్పాల్సింది మెత్తగా, మెత్తగా చెప్పాల్సింది క్లుప్తంగా రాసేవాడు. అయితే రాసేది ఆయన, సంతకం పెట్టేది ఇంకొకరు. ముప్ఫై అయిదేళ్ళలో ఎన్ని వేల కాగితాలు రాశాడో కానీ, ఒక్కదాని కింద కూడా తన పేరు లేదు. వీడ్కోలు సభలో దండలు వేసి శాలువా కప్పి పంపించారు. ఆయన రాసిన ఒక్క వాక్యం కూడా ఎవరూ గుర్తు చేసుకోలేదు. ఆ రాత్రి హైమవతితో నవ్వుతూనే అన్నాడు కానీ, ఆ ముల్లు అలాగే ఉండిపోయింది.

అందుకే పిల్లి బొమ్మ ఆయన్ని అంతలా కుదిపింది. తను రాసిన రెండు ముక్కలు, తన పేరుతో, తనకి బొత్తిగా తెలియని మనిషి దాకా వెళ్ళాలి. అతనెవరో చదివి నవ్వాలి. అరవై అయిదేళ్ళ వయసులో ఇదేం కోరికని తనకే సిగ్గేసింది. సిగ్గేసినంత మాత్రాన కోరిక పోదు కదా!

నాలుగు రోజులు వాలుకుర్చీలో కూర్చుని, కొట్టేసి, దిద్ది, మళ్ళీ కొట్టేసి చివరికొకటి తేల్చాడు. "వాయుగుండం కూడా మూడు రోజుల ముందే చెప్పి వస్తుంది. మా బావమరిది మాత్రం సెంటర్లో దిగాక ఫోన్ చేసి, బావా, ఇంట్లోనే ఉన్నావా అంటాడు."

హైమవతి విని మూతి ముడిచింది. "మా తమ్ముడే దొరికాడా మీకు?"

"మీ తమ్ముడని ఎక్కడ రాశాను? దేశంలో ఎంతమంది బావమరుదులు లేరు?"

"సెంటర్లో దిగి ఫోన్ చేసేది మటుకు వాడొక్కడే," అంది ఆవిడ. అని నవ్వింది కూడా. ఆ నవ్వు ఆయనకి కొండంత ధైర్యమిచ్చింది.

తన్మయి దానికి ముచ్చటైన బొమ్మ చేసింది. సముద్రం మీద సుడి తిరుగుతున్న తుఫాను, దాని బాణం సూటిగా బందరు వైపు, పైన ఈ రెండు ముక్కలు. ఇన్‌స్టాలో పెట్టింది, ఫేస్‌బుక్‌లో పెట్టింది, ఎక్స్‌లో పెట్టింది, షేర్‌చాట్‌లో కూడా పెట్టింది. రామమూర్తి గంటగంటకీ మెట్లెక్కి వెళ్ళి, "ఎందాకా వెళ్ళింది?" అని అడగడం మొదలుపెట్టాడు. ఇన్‌స్టాలో నూట పన్నెండు మంది చూశారు, తొమ్మిది మంది గుండె గుర్తు పెట్టారు. ఆ తొమ్మిదిలో ఒకటి తన్మయిది, ఒకటి ఆమె స్నేహితురాలు మేఘనది. ఫేస్‌బుక్‌లో పాత సహోద్యోగులు ముగ్గురు "శుభోదయం సార్" అని రాశారు. షేర్‌చాట్‌లో ఒకడు "అన్నా ఏ ఊరు మనది" అని అడిగాడు. ఎక్స్‌లో పురుగు కూడా పలకలేదు.

"పెట్టే టైమ్ ఉంటుంది బాబాయ్ గారూ. మొదటి మూడు సెకన్లలో పట్టుకోవాలి. పాట కూడా ఉండాలేమో," అంది తన్మయి.

రామమూర్తి తల అడ్డంగా ఊపాడు. ఆయనకి జబ్బు తెలిసిపోయింది. "అది కాదమ్మాయ్. దీని కింద పేరేదీ? ఆకాశరామన్న ఉత్తరం వస్తే మా ఆఫీసులో చింపి బుట్టలో పడేసేవాళ్ళం. పేరు, హోదా, ఊరు ఉంటేనే కాగితానికి విలువ. ఎవరు రాశారో తెలీని ముక్కని జనం ఎందుకు పట్టించుకుంటారు?"

"పిల్లి కింద పేరుందా?"

"అందుకే కదా నేనిన్ని ఫోన్లు చేయాల్సొచ్చింది!"

"మీమ్‌కి పేరుండకూడదండీ. ఎవరిదీ కాకపోతేనే అందరిదీ అవుతుంది," అంది ఆ పిల్ల. ఆయన ఆ మాట చెవిన వేసుకోలేదు. ముప్ఫై అయిదేళ్ళ అలవాటు మరి.

ఆ వారాంతం తన్మయి గుడివాడ వెళ్ళింది. షాపు యజమాని మోహన్ అక్కడ కొత్త బ్రాంచి తెరిచి, మెషీను దగ్గర రెండు రోజులు ఉండమన్నాడు. ఈలోగా రామమూర్తి తనే రంగంలోకి దిగాడు. బొమ్మలు చేసే యాప్ ఎలా వాడాలో, ఆయన మెట్లెక్కి వెళ్ళినప్పుడల్లా ఆ పిల్లే కొంచెం కొంచెం నేర్పింది. తుఫాను బొమ్మ తీసేశాడు. రాసినవాడి మొహం ఉంటే నమ్మకంగా ఉంటుందని, రిటైరైన రోజు స్టూడియోలో తీయించుకున్న ఫోటో పెట్టాడు. తెల్ల చొక్కా, సన్నటి బొట్టు, కొంచెం గంభీరమైన చూపు. యాప్‌లో నూరు రకాల అట్టల నమూనాలుంటే వాటిలో హుందాగా ఉన్నది ఏరుకున్నాడు. తెల్లటి నేల, చుట్టూ లేతనీలం గీత. ఫోటో కింద పెద్దక్షరాలతో "శ్రీ వి. రామమూర్తి, రిటైర్డ్ సూపరింటెండెంట్, మచిలీపట్నం" అని రాశాడు. దాని కింద కాస్త జాగా వదిలి, జోకు.

హైమవతికి చూపించాడు. ఆవిడ చేతిలో పిండి, కళ్ళజోడు ఎక్కడో ఉంది. "మీరే. బాగున్నారు," అంది.

ఆదివారం పొద్దున్న ఆరింటికి రెండు వందల నలభై మంది ఉన్న పెన్షనర్ల గ్రూపులో ఆ బొమ్మ పెట్టాడు. ఫోను ఛార్జింగులో పెట్టి, సంచి తీసుకుని రైతుబజారుకి వెళ్ళాడు. దారి పొడుగునా ఆయనకి నేల మీద కాలు నిలవలేదు. వంకాయలు బేరం కూడా చేయకుండా కొన్నాడు.

ఎనిమిదింటికి వచ్చి చూసేసరికి నూట ముప్ఫై ఒక్క మెసేజీలు.

"హైమా!" అని ఇల్లెగిరిపోయేలా కేకేశాడు. "ఇలా రా! నా జోకు పేలింది!"

కళ్ళజోడు సర్దుకుని తెరిచాడు. "ఓం శాంతి." "ఓం శాంతి." "వారి ఆత్మకు శాంతి చేకూరాలి." "తీరని లోటు." "నిన్న కూడా బజారులో కనిపించారు, నమ్మలేకపోతున్నాను." "ఓం శాంతి." "ఓం శాంతి, సాయంత్రం కార్యక్రమం ఎన్నింటికో తెలుపగలరు."

పైకి జరుపుకుంటూ వెళితే అసలు సంగతి అర్థమైంది. పొడుగాటి బొమ్మ కదా, ఫోనులో పైభాగమే కనిపిస్తోంది. తెల్ల అట్ట, ఫోటో, శ్రీ, రిటైర్డ్, ఊరు. జోకు కిందెక్కడో దాక్కుంది. మన కృష్ణా జిల్లాలో తెల్లారగట్ట ఇలాంటి అట్ట వచ్చిందంటే, మిగతాది చదవాలని ఎవరికి అనిపిస్తుంది? ఆరూ మూడుకి రిటైర్డ్ టైపిస్టు ప్రేమమ్మ "అయ్యో, ఎంత మంచి మనిషి" అని రాసింది. ఆ తర్వాత వచ్చినవాళ్ళందరూ అట్టని కాదు, ప్రేమమ్మని చదివారు.

వెంటనే, "మిత్రులారా, నేను బతికే ఉన్నాను. దయచేసి బొమ్మ మొత్తం తెరిచి కింద జోకు చదవండి" అని కొట్టాడు. నిమిషం తిరగకుండా గ్రూపు పెద్ద నాగేశ్వరరావు జవాబిచ్చాడు. "రామమూర్తి గారి ఫోను నుంచి వారి కుటుంబ సభ్యులెవరో ఏవో మెసేజీలు పెడుతున్నారు. వారు దుఃఖంలో ఉన్నారు. ఎవరూ తప్పుగా అనుకోవద్దు." దాని వెనకే ఇంకొకటి. "కీర్తిశేషులకు గౌరవసూచకంగా ఈ రోజంతా గ్రూపు మూసివేయడమైనది." ఇక ఆ గ్రూపులో నాగేశ్వరరావు తప్ప ఇంకెవరూ మాట్లాడటానికి లేదు. ఫోన్ చేస్తే ఎంగేజ్. రామమూర్తి పోయాడన్న కబురు పేరుపేరునా అందరికీ చెప్పే పనిలో ఉన్నాడా పెద్దమనిషి.

హైమవతి వచ్చి, కళ్ళజోడు పెట్టుకుని చదివింది. ముందు నవ్వింది. తర్వాత ఏడ్చింది. ఆ తర్వాత ఆయన మీద విరుచుకుపడింది. "శుభమా అని ఆదివారం పూట! పేరు కావాలి, పేరు కావాలి అని ప్రాణం తీశారు. వచ్చింది చూడండి పేరు!" అంటూనే ఆయన చొక్కా పట్టుకుని వదల్లేదు. రామమూర్తికి అప్పుడు నిజంగా భయమేసింది. భార్య భుజం మీద చెయ్యి వేసి, "ఉన్నాను కదే," అన్నాడు.

అంతలో ఫోన్లు మొదలయ్యాయి. ఆవిడ కళ్ళు తుడుచుకుని ఒక్కొక్కరికీ జవాబు చెప్పసాగింది. "ఉన్నారండీ. లేదండీ, నిజంగానే ఉన్నారు. ఇప్పుడే వంకాయలు కూడా తెచ్చారు."

తొమ్మిదింటికి తన్మయి ఫోన్ వచ్చింది. "బాబాయ్ గారి ఫోను ఎవరెత్తారండీ?" అంది.

"నేనే అమ్మాయ్," అన్నాడు రామమూర్తి.

అంతే, ఆ పిల్ల బావురుమంది. "మీ ఫ్లెక్సీ ఆర్డరొచ్చింది బాబాయ్ గారూ. గుడివాడ పెన్షనర్లు పంపారు. ఆరు బై నాలుగు. ఫోటో చూసి కుర్చీలో కూలబడిపోయాను. మోహన్ గారు మంచినీళ్ళిచ్చారు. ఆ తర్వాత కిందకి జరిపితే బావమరిది కనిపించాడు. ఏడుస్తూనే నవ్వొచ్చింది."

"నువ్వొక్కదానివే చివరిదాకా చదివావు," అన్నాడాయన. కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నాడు.

కాసేపటికి ఇద్దరికీ ఏడుపులు తగ్గాయి. అప్పుడు, నిజం చెప్పొద్దూ, ఇద్దరి బుర్రలూ ఒకేసారి ఒకే చోటికి వెళ్ళాయి. "ఎందాకా వెళ్ళింది?" అని అడిగాడు ఆయన. "అదే చూస్తున్నానండీ," అంది ఆ పిల్ల.

పదకొండింటికల్లా లెక్క తేలింది. ముదినేపల్లి టీచర్ల గ్రూపులో ఉంది. బంటుమిల్లి చేపల చెరువుల రైతుల గ్రూపులో ఉంది. అవనిగడ్డ దాటి దివిసీమంతా పాకింది. ఫేస్‌బుక్‌లో ఒక ఊరి కబుర్ల పేజీలో తొమ్మిది వందల ఏడుపు మొహాలు. ఇన్‌స్టాలో ఎవరో వెనక వేణువు కూడా పెట్టారు. గుడివాడకి చేరేసరికి ఫోటోకి దండ పడింది. ముదినేపల్లికి చేరేసరికి రెండు పక్కలా దీపాలు వెలిగాయి. అవనిగడ్డకి చేరేసరికి జోకు పోయింది. అక్కడ ఒకాయన కోపంగా రాశాడు కూడా. "ఎవరో తుంటరి వెధవ ఇలాంటి సమయంలో కూడా కింద జోకు పెట్టాడు. నేను కత్తిరించి పంపుతున్నాను. దయచేసి ఇదే పంపండి." అందరూ అదే పంపారు.

రామమూర్తి ఒక్కొక్క సంతాపమూ శ్రద్ధగా చదివాడు. సౌమ్యుడన్నారు. సమయపాలకుడన్నారు. అజాతశత్రువన్నారు. ఒకాయన అయితే కాకినాడలో తామిద్దరూ కలిసి పనిచేసిన రోజులు తలుచుకున్నాడు. ఈయన జన్మలో కాకినాడలో పనిచేయలేదు. ఆయన ఏం రాశాడో మాత్రం ఏ ఒక్కరూ అనలేదు. "చూశావా హైమా, నా మొహం ఊరేగుతోంది, నా పేరు ఊరేగుతోంది. నా మాట ఒక్కటే ఎక్కడా లేదు," అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయనకి నిజంగా బాధేసింది. ఆవిడ వంకాయలు తరగసాగింది.

మధ్యాహ్నం బావమరిది మహేష్ గుడివాడ నుంచి మోటారు సైకిలు మీద వచ్చాడు. చేతిలో బంతిపూల దండ. వరండాలో చిక్కుడుకాయలు వలుస్తూ కూర్చున్న బావని చూసి, గేటు దగ్గరే కొయ్యబారిపోయాడు.

"ఫోనైనా చేయకుండా వచ్చావేం?" అన్నాడు రామమూర్తి.

"పోయినవాడికి ఫోన్ చేసి ఏమని అడగను బావా?"

కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, అసలు బొమ్మ చూపించారు. మహేష్ చివరిదాకా చదివాడు. నవ్వలేదు. "సెంటర్లో దిగి చేస్తే తప్పేంటి? ముందే చేస్తే ఊళ్ళో లేమంటారుగా మీరు," అన్నాడు. హైమవతి నవ్వాపుకోలేక వంటింట్లోకి పరిగెత్తింది. అన్నం తిన్నాక మహేష్ దండని గేటు పక్కన మందారచెట్టుకి వేసి, ఈ గోల ఆపిస్తానని నాగేశ్వరరావు ఇంటికి బయల్దేరాడు.

రెండున్నరకి గ్రూపు తెరుచుకుంది. నాగేశ్వరరావు పొడుగాటి సవరణ పెట్టాడు. తన్మయి కూడా అన్ని చోట్లా పెట్టింది. కానీ చిత్రం చూడండి, చావు కబురు నలభై గ్రూపులకి వెళితే, బతికున్నాడన్న కబురు ఆరు గ్రూపుల దగ్గర ఆగిపోయింది. "ఎందుకలా?" అని రామమూర్తి మళ్ళీ ఆలోచనలో పడ్డాడు.

మూడున్నరకి గేటు దగ్గర ఒకావిడ వచ్చి నిలబడింది. అరవై దాటిన మనిషి, తల మీదుగా కొంగు, చంకలో గుడ్డసంచి. ఎండకి మొహం కందిపోయి ఉంది. వాకిట్లో జనం లేకపోవడం చూసి తడబడింది. చెట్టుకి దండ చూసి లోపలికి అడుగేసింది.

"రామమూర్తి సారు ఇల్లు ఇదేనా అండీ? ఆలస్యమైపోయిందా? ఆఖరి చూపుకని వచ్చాను. నాగాయలంక నుంచి. అవనిగడ్డలో బస్సు దొరకలేదు."

"రామమూర్తిని నేనేనమ్మా," అన్నాడాయన. ఆ రోజు పన్నెండోసారి ఆ మాట అనడం. ఇంతగా సిగ్గు మాత్రం ఇప్పుడే వేసింది.

ఆవిడ ఆయన మొహంలోకి చాలాసేపు చూసింది. హైమవతి వచ్చి చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చింది. రామమూర్తి తలదించుకుని జరిగిందంతా చెప్పాడు. రెండు బస్సులు మారి, ఎండలో ఇంత దూరం వచ్చిన మనిషి తిడుతుందనుకున్నాడు. ఆవిడ నీళ్ళు తాగి, గ్లాసు కింద పెట్టి మెల్లగా అంది.

"మా ఆయన పోయాడని నమ్మించడానికి నాకు నాలుగేళ్ళు పట్టింది సారూ. మీరు పోయారంటే ఒక్క పొద్దుటికే ఊళ్ళన్నీ నమ్మేశాయి."

ఆవిడ పేరు నాగూర్ బీ. భర్త బోటు ఇంజను డ్రైవరు. ఇరవై రెండేళ్ళ కిందట గిలకలదిండి రేవు నుంచి చేపల వేటకి వెళ్ళిన బోటు గాలివానలో చిక్కుకుని తిరిగి రాలేదు. అయిదుగురు మనుషులు. శవాలు దొరకలేదు. శవం లేదు కాబట్టి పోయినట్టు కాగితం ఇవ్వలేమన్నారు. కాగితం లేదు కాబట్టి ఏదీ రాదన్నారు. నాలుగేళ్ళు ఆఫీసుల చుట్టూ తిరిగింది.

"ఒకరోజు మీ ఆఫీసు గేటు ముందు టీకొట్టు బల్ల మీద కూర్చుని ఏడుస్తున్నాను. మీరు టీకి వచ్చారు. ఏంటమ్మా అని అడిగారు. చెప్పాను. తెల్లకాయితం తెప్పించి అక్కడే అర్జీ రాశారు. నేను వేలిముద్ర వేశాను. మీరు టీ తాగి లోపలికి వెళ్ళిపోయారు. ఆ కాయితానికి పని జరిగింది సారూ."

రామమూర్తి గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాడు. ఆ బల్ల మీద ఎంతమందికి రాశాడో! ఒక్క మొహమూ గుర్తు రాలేదు. "క్షమించమ్మా, నాకు గుర్తు లేదు," అన్నాడు.

"మీకెందుకు గుర్తుంటుంది? మాకు గుర్తుంది," అంది నాగూర్ బీ. సంచిలోంచి ప్లాస్టిక్ కవరు తీసి, అందులోంచి మడతలు పడ్డ కాగితం బయటికి తీసింది. జిరాక్సుకి జిరాక్సు, దానికి మళ్ళీ జిరాక్సు. అక్షరాలు సగం బూడిదై పోయాయి. "నాకు పనైందని తెలిసి, ఆ బోటులో పోయిన మిగతావాళ్ళ ఆడాళ్ళు వచ్చారు. పేరు, ఊరు, బోటు నంబరు మార్చుకుని ఇదే రాయించుకున్నారు. తర్వాత సొర్లగొంది వాళ్ళు తీసుకెళ్ళారు. పాలకాయతిప్ప వెళ్ళింది, ఏటిమొగ వెళ్ళింది. ఎవరికి ఎవరిచ్చారో కూడా తెలీదు. కిందటేడు ఎవరో ఒకావిడ నాకే తెచ్చి చూపించింది, ఈ అర్జీ మంచిదంట, నువ్వు కూడా ఉంచుకో అని."

రామమూర్తి కుర్చీలో ముందుకి వంగాడు. "ఎవరు రాశారని అడగలేదా ఎవరూ?"

"అడిగారు. నేనే చెప్పలేదు. ఆఫీసులో పనిచేస్తూ బయటివాళ్ళకి అర్జీ రాశారని తెలిస్తే మీకు మాటొస్తుందని, మీ పేరు చెప్పిన టీకొట్టాయనే అన్నాడు. అందుకే మీ పేరు ఇన్నేళ్ళూ కడుపులో పెట్టుకున్నాను. ఇవాళ మా కోడలు ఫోనులో బొమ్మ చూపించి పేరు చదివితే ఆగలేకపోయాను."

హైమవతి కొంగుతో కళ్ళొత్తుకుంది. రామమూర్తి ఆ కాగితం చేతిలోకి తీసుకున్నాడు. చదవడానికి చూస్తే నడుమ భాగమంతా చెరిగిపోయింది. ముప్ఫై అయిదేళ్ళు ఎన్నో రాసిన చెయ్యి అది. తను రాసిందేమిటో తనకే తెలియలేదు.

"నిజం చెబుతాను సారూ, ఏమనుకోకండి," అంది నాగూర్ బీ. "ఆఖరి చూపుకనే వచ్చాను కానీ, బస్సులో వస్తున్నంతసేపూ వేరే దిగులు. మా వీధిలో సబీహా అని పిల్ల ఉంది. ఏడాదిన్నరైంది, దాని మొగుడు చాంద్ వేటకెళ్ళి రాలేదు. ఇప్పుడన్నీ ఆన్‌లైన్ ఫారాలంటున్నారు. ఫారంతో పాటు ఈ కాయితం జత చేస్తేనే ఆఫీసరు తలెత్తి చూస్తాడు. చూశారుగా, ఇది కాస్తా చెరిగిపోయింది. రాసిన మనిషి కూడా పోయాడంటే ఇంక మళ్ళీ ఎవరు రాస్తారు?"

"నాకు మాటలు గుర్తు లేవమ్మా," అన్నాడు రామమూర్తి. అంత నిస్సహాయంగా ఆయన ఎప్పుడూ మాట్లాడలేదు.

"నాకున్నాయి," అంది ఆవిడ. చదువు రాని మనిషి. ఇన్నేళ్ళలో ఎంతమంది చేత చదివించుకుని విందో, కళ్ళు మూసుకుని తడుముకోకుండా చెప్పింది.

"అయ్యా. పడవ వెళ్ళిన తేదీ మీ పుస్తకంలో రాసి ఉంది. తిరిగొచ్చిన తేదీ ఎవరి పుస్తకంలోనూ లేదు. నా భర్త బతికున్నాడని మీరంటే, ఆ తేదీ నాకు చూపించండి. చూపించలేకపోతే, పోయాడని ఒక కాగితం ఇవ్వండి. ఏదో ఒకటి తెలిస్తే నేను ఎదురుచూడటం మానేస్తాను."

రామమూర్తి కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవాలని కూడా తోచలేదు.

"ఎందాకా వెళ్ళిందన్నావమ్మా?" అని అడిగాడు చివరికి.

"పడవ మునిగిన చోటికల్లా వెళ్ళింది సారూ."

హైమవతి లోపలికెళ్ళి తెల్లకాగితాలూ, కలమూ తెచ్చి ఆయన ఒళ్ళో అట్ట పెట్టింది. నాగూర్ బీ మళ్ళీ మొదటి నుంచి చెప్పింది. ఎవరు చెప్పినా దిద్దకుండా రాయడం అలవాటు లేని మనిషి, ఆవిడ చెప్పింది చెప్పినట్టు గుండ్రటి అక్షరాలతో రాశాడు. చదివి వినిపించాడు. ఆవిడ తల ఊపింది.

పేజీ చివరికి వచ్చాక ఆయన కలం కాస్త ఆగింది. నాగూర్ బీ వంగి, చూపుడు వేలితో ఆ చోటు చూపించింది.

"అక్కడ ఏం రాయకండి సారూ. ఎవరి పేరు వాళ్ళు రాసుకుంటారు."

రామమూర్తి అక్కడ జాగా వదిలి, కాగితం ఆరనిచ్చి, నాలుగు మడతలు పెట్టి ఆవిడ చేతికిచ్చాడు.